ఏడు మిల్లీగ్రాముల లెక్క

"నిన్న ఇంట్లోనే సర్వీస్ చేసిన అన్నా. అంతకుముందు మంచిగనే నడిచింది. ఇప్పుడు సిగ్నల్ కాడ ఆగిపోతున్నది."

షోలాపూర్‌లో అశోక్ చౌక్ చుట్టుపక్కల మెకానిక్‌లకు ఈ ఫిర్యాదు కొత్త కాదు. బండివాడు చేసినవన్నీ మంచి పనులే. ఏర్ ఫిల్టర్ దులిపాడు, ప్లగ్గు తుడిచాడు, కార్బొరేటర్ విప్పి పెట్రోలుతో కడిగాడు, టాపెట్లు కాస్త బిగించాడు. అయినా బండి ఐడిలింగ్‌లో నిలవడం లేదు. రేసు ఇస్తే ఒక క్షణం ముక్కి, ఆ తర్వాత ఉలిక్కిపడి లేస్తుంది. రేసు వదిలితే సైలెన్సర్‌లో పటపటా పేలుతుంది. పాత జబ్బు ఏదీ లేకుండానే కొత్త జబ్బు వచ్చిపడింది.

అశోక్ చౌక్ నగరానికి తూర్పు వైపున ఉన్న నేత కార్మికుల పేట. 1877లో షోలాపూర్‌లో పెద్ద నూలు మిల్లు మొదలైంది. జనం నోట అది జూనీ మిల్లు. ఆ కాలం నుంచి మిల్లులకూ మగ్గాలకూ పని వెతుక్కుంటూ తెలంగాణ జిల్లాల నుంచి పద్మశాలి కుటుంబాలు ఇక్కడికి వచ్చి స్థిరపడ్డాయి. ఇప్పటికీ ఆ గల్లీల్లో ఇంటి మాట తెలుగే, బజారు మాట మరాఠీ. కార్ఖానాల్లో చద్దర్లు, టెర్రీ టవళ్లు నేసే సాంచాల చప్పుడు పగలూ రాత్రీ వినిపిస్తుంది. నూలు డబ్బాలు, టవళ్ల మూటలు ఎక్కించుకుని ఇరుకు సందుల్లో తిరిగేది మోటారు సైకిలే. మొదటి గేరులో, రెండో గేరులో, ఆగుతూ కదులుతూ సాగే ఆ నడకలో ఇంజన్ ఎక్కువసేపు తక్కువ రేసులోనే ఉంటుంది. కార్బొరేటర్‌లో చిన్న లోపమున్నా మొదట బయటపడేది ఆ తక్కువ రేసులోనే.

కార్బొరేటర్ అంటే పిడికిలంత లోహపు దిమ్మ. లోపల మోటారు లేదు, కరెంటు లేదు. చేసే పని మాత్రం తూకం వేయడం. పెట్రోలు పూర్తిగా మండాలంటే ఒక పాలు పెట్రోలుకు బరువులో 14.7 పాళ్ల గాలి కావాలి. లీటరు పెట్రోలు మండడానికి సుమారు తొమ్మిది వేల లీటర్ల గాలి పడుతుంది. సముద్రమట్టానికి సుమారు 450 మీటర్ల ఎత్తులో ఉన్న షోలాపూర్ వేసవిలో గాలి పలచబడుతుంది కాబట్టి అది పది వేల లీటర్ల దాకా పోతుంది. వీధుల్లో ఎక్కువగా కనిపించే 97.2 సీసీ బండినే తీసుకుంటే, సిలిండర్ నిండా ఒకసారి పీల్చిన గాలి బరువు గ్రాములో పదో వంతు. దానికి కలవాల్సిన పెట్రోలు సుమారు ఏడు మిల్లీగ్రాములు. అది ఒక బొట్టులో సగం కూడా కాదు. ఇంజన్ నిమిషానికి ఐదు వేల చుట్లు తిరుగుతుంటే ఈ తూకం సెకనుకు నలభైసార్లకు పైగా జరగాలి. ఐడిలింగ్‌లోనైతే పీల్చే గాలే కొద్దిగా ఉంటుంది కనుక పెట్రోలు ఇంకా తక్కువ. ఇంత సున్నితమైన కొలత పరికరాన్ని స్క్రూడ్రైవర్‌తో, చేతికి అందిన తీగ ముక్కతో శుభ్రం చేయబోతున్నామన్న సంగతి విప్పేవాడికి ముందే తెలిసి ఉంటే సగం కష్టాలు రావు.

ఈ తూకం మనిషికి ఒక్కసారిగా చేతకాలేదు. 1885లో జర్మనీలో గాట్లీబ్ డైమ్లర్, విల్హెల్మ్ మేబాక్ కలిసి చెక్క చట్రం మీద 264 సీసీ ఇంజన్ బిగించి రెండు చక్రాల వాహనం చేశారు. మోటారు సైకిళ్లన్నిటికీ పెద్దమ్మ అదే. దాని శక్తి అర హార్స్ పవర్. ఆ రోజుల్లో పెట్రోలును కొలిచేవారు కాదు, దాని మీదుగా గాలిని పోనిచ్చి ఆవిరిని ఇంజన్‌కు అందించేవారు. ఈ పద్ధతిలో ఒక చిక్కుంది. పెట్రోలు ఒకే పదార్థం కాదు, తేలికవీ బరువైనవీ అయిన అనేక ద్రవాల మిశ్రమం. తేలికవి ముందు ఆవిరైపోతాయి, బరువైనవి అడుగున మిగిలిపోతాయి. అందుకే బయల్దేరినప్పుడు చురుగ్గా ఉన్న ఇంజన్ దారి మధ్యలో మొరాయించేది. ఎండ, చలి, గతుకుల రోడ్డు మీద పెట్రోలు తొణకడం, ఏది మారినా మిశ్రమం మారిపోయేది.

ఇంటి మనిషే రోడ్డు పక్కన బండి బాగు చేసుకున్న సంఘటనల్లో పేరుపొందినది కూడా ఈ కాలానిదే. 1888 ఆగస్టులో కార్ల్ బెంజ్ భార్య బెర్తా బెంజ్ తన ఇద్దరు కొడుకులతో మూడు చక్రాల మోటారు బండిలో మాన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌కు బయల్దేరింది. దూరం వంద కిలోమీటర్లకు కాస్త ఎక్కువ. పెట్రోలు గొట్టంలో చెత్త అడ్డుపడితే టోపీకి పెట్టుకునే పిన్నుతో పొడిచి తీసింది. ఇగ్నిషన్ తీగ ఒరుసుకుపోతే తన మేజోళ్ల పట్టీని చుట్టి కాపాడింది. ఇంధనం అయిపోతే వీస్లోక్ పట్టణంలో మందుల దుకాణంలో కొనుక్కుంది. ఆమె పిన్ను గుచ్చింది గొట్టంలో. అది తూకం రంధ్రం కాదు కాబట్టి ఆ వైద్యం ఫలించింది. అదే పిన్నును ఈనాటి బండి కార్బొరేటర్‌లో పెట్రోలును కొలిచే సన్నటి రంధ్రంలో, అంటే జెట్‌లో గుచ్చితే ఫలితం వేరుగా ఉంటుంది.

పెట్రోలును ఆవిరిగా కాక సన్నటి ధారగా చిమ్మించాలన్న ఆలోచన 1893 నాటిది. హంగరీలో దోనాత్ బాంకీ, యానోష్ చోంకా ఆ ఏడాది ఫిబ్రవరిలో పేటెంటు కోరారు. అదే ఏడు జర్మనీలో మేబాక్ తన స్ప్రే కార్బొరేటర్‌ను రూపొందించాడు. వీరి పరికరాలు నిలబడ్డ పునాది మాత్రం అంతకన్నా పాతది. ప్రవాహం వేగం పెరిగినచోట పీడనం తగ్గుతుందని డానియల్ బెర్నూలీ 1738లో తన పుస్తకంలో చూపించాడు. గొట్టం నడుమ సన్నబడితే ఏమవుతుందో ఇటలీ శాస్త్రవేత్త వెంచురీ 1797లో వివరించాడు.

కార్బొరేటర్ గొంతు అలా నడుమ సన్నబడ్డ గొట్టమే, దాని పేరూ వెంచురీయే. ఇంజన్ పీల్చే గాలి ఆ ఇరుకులో పరుగందుకుంటుంది, అక్కడ పీడనం పడిపోతుంది. కింద ఫ్లోట్ చాంబర్ అనే గిన్నెలో నిలిచి ఉన్న పెట్రోలు మీద మాత్రం బయటి వాతావరణపు ఒత్తిడి పూర్తిగా ఉంటుంది. ఆ రెండు ఒత్తిళ్ల తేడాయే పెట్రోలును జెట్‌ల గుండా పైకి నెడుతుంది. ఇంజన్ పెట్రోలును లాగుతుందని అందరూ అంటారు గాని, నిజానికి ఆకాశం నెడుతుంది. ఈ ఒక్క విషయం పట్టుబడితే చాలా జబ్బులు వాటంతటవే అర్థమవుతాయి. ఫ్లోట్ చాంబర్‌కు గాలి అందించే సన్నటి రబ్బరు గొట్టం మళ్లీ బిగించేటప్పుడు నలిగిందనుకోండి, నెట్టే ఒత్తిడి లేక పెట్రోలు తగ్గిపోతుంది. ట్యాంకు మూతకు ఉండే గాలి రంధ్రం మూసుకుపోతే బండి కొంతదూరం హాయిగా పోయి ఆగిపోతుంది. మూత తీసి పెడితే మళ్లీ కదులుతుంది. కార్బొరేటర్‌ను ఎన్నిసార్లు కడిగినా ఈ రెండూ బాగుపడవు, ఎందుకంటే లోపం అందులో లేదు.

భారతీయ రోడ్ల మీద ఈ పరికరం రకరకాల వేషాల్లో తిరిగింది. ఇంగ్లండులో 1927లో మూడు కంపెనీలు కలిసి ఏర్పడిన అమాల్ పేరు పాత బుల్లెట్ యజమానులకు బాగా తెలుసు. మైసూరులో తయారైన జావా, యెజ్డీ బళ్లతో చెక్ దేశపు యికోవ్ పేరు వచ్చింది. 1980ల నడుమ జపాన్ భాగస్వామ్యాలతో వంద సీసీ బళ్లు వచ్చాయి, వాటితో మికూనీ, కేహిన్. 1985లో హీరో హోండా సీడీ 100 ఫోర్ స్ట్రోక్ ఇంజన్‌ను మధ్యతరగతి ముంగిట్లోకి తెచ్చింది. టూ స్ట్రోక్ బళ్లకన్నా పెట్రోలు బాగా తక్కువ తాగే ఆ ఇంజన్ కార్మిక వాడలకు సరిగ్గా సరిపోయింది. పొదుపు ఊరికే రాలేదు. జెట్‌ల రంధ్రాలు సన్నబడ్డాయి, మిశ్రమం పలచగా బిగుతుగా సెట్ అయింది, తప్పుకు చోటు తగ్గింది. మైలేజీకి మురిసే బండిలోనే చిన్న మురికికి పెద్ద గొడవ పుట్టడానికి కారణం ఇది.

ఇంటి సర్వీసు తర్వాత బండి చెడినప్పుడు వెతుకులాట ఎక్కడ మొదలుపెట్టాలి? కార్ఖానాలో సాంచాలు సరిచేసే జాబర్ పద్ధతి ఇక్కడ అక్షరాలా పనికొస్తుంది. పడుగు మార్చాక గుడ్డలో గీత పడితే ఆయన సాంచా మొత్తం విప్పడు. ఆఖరున చెయ్యి పడ్డ చోటికే ముందు వెళతాడు, ఒక్కదాన్ని సరిచేసి నడిపి చూస్తాడు. ఇంజన్ దగ్గర చాలామంది దీనికి విరుద్ధంగా చేస్తారు. ప్లగ్గు మార్చి, స్క్రూ తిప్పి, నీడిల్ క్లిప్పు జరిపి, మూడూ ఒకేసారి చేసి కిక్కు కొడతారు. బండి బాగుపడినా దేనివల్లో తెలియదు, ఇంకా చెడితే ఎందుకో అసలే తెలియదు.

మొదటి పరీక్షకు పానా కూడా అక్కర్లేదు, చోక్ చాలు. ఇంజన్ వేడెక్కాక కూడా చోక్ లాగితేనే కుదురుగా నడుస్తుంటే, లోపల పెట్రోలు తక్కువో గాలి ఎక్కువో అయిందన్నమాట. చోక్ లాగగానే ముక్కి ఆగిపోతూ, నల్లటి పొగ వస్తూ, ప్లగ్గు మసిపట్టి ఉంటే పెట్రోలు ఎక్కువైంది. ఈ ఒక్క ప్రశ్నకు జవాబు దొరికితే వెతకాల్సిన చోట్లు సగానికి సగం తగ్గుతాయి.

గాలి ఎక్కువైన బండిలో అనుమానించాల్సిన మొదటి చోటు కార్బొరేటర్‌కూ ఇంజన్‌కూ మధ్య అతుకు. అక్కడ ఒక రబ్బరు రింగు, ఒక దిమ్మ ఉంటాయి. విప్పి బిగించేటప్పుడు రింగు గాడిలోంచి జారినా, రెండు బోల్టుల్లో ఒకటి ముందుగా గట్టిగా బిగిసి అతుకు వంకరపోయినా, తూకం వేయని గాలి దొంగదారిన లోపలికి పోతుంది. అలాంటి ఇంజన్‌కు ఐడిలింగ్ స్థిరంగా ఉండదు, తనంతట తానే పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. ఇంజన్ నడుస్తుండగా అతుకు చుట్టూ కాస్త సబ్బునీళ్లు పూస్తే చప్పుడు మారుతుంది. అదే గుర్తు. కొందరు ఇక్కడ పెట్రోలో, డబ్బాలో వచ్చే క్లీనరో చల్లుతారు. వేడి సిలిండర్ పక్కన అది మంట అంటుకునే పని. దయచేసి ఎవరూ చేయకూడదు.

అతుకు బాగుంటే అప్పుడు స్లో జెట్. ఐడిలింగ్‌కు పెట్రోలు ఇచ్చేది ఇదే. దీని రంధ్రం అర మిల్లీమీటరు కన్నా సన్నం. వెలుతురుకెదురుగా పెట్టి చూస్తే గుండ్రటి చుక్క స్పష్టంగా కనిపించాలి. మూసుకుపోతే కార్బొరేటర్ క్లీనర్‌లో నానబెట్టి కంప్రెసర్ గాలితో ఊదాలి. తీగ గుచ్చడం ఎందుకు తప్పంటే, జెట్ ఇత్తడిది, తీగ ఉక్కుది. ఇత్తడి అరుగుతుంది. 0.35 మిల్లీమీటర్ల రంధ్రం 0.40 అయిందనుకుందాం. కంటికి తేడా తెలియదు. వైశాల్యం మాత్రం ముప్ఫై శాతం పెరిగింది. అంటే ఆ తూకం రాయి శాశ్వతంగా మారిపోయింది, ఇక ఏ స్క్రూ తిప్పినా దాన్ని వెనక్కి తేలేదు. కొత్త జెట్ వేయడమే దారి.

ట్యూనింగ్ స్క్రూ సంగతి వేరు. కొన్ని కార్బొరేటర్లలో అది ఏర్ ఫిల్టర్ వైపు ఉండి గాలిని కొలుస్తుంది, బయటికి తిప్పితే మిశ్రమం పలచబడుతుంది. మరికొన్నింటిలో ఇంజన్ వైపు ఉంటుంది, బయటికి తిప్పితే చిక్కబడుతుంది. మిత్రుడి బండి మీద పనిచేసిన చిట్కా మన బండి మీద తిరగబడేది ఇందుకే. తీసే ముందు స్క్రూను మెల్లగా లోపలికంటా తిప్పి, ఎన్ని చుట్లు పట్టిందో కాగితం మీద రాసుకోవాలి. గట్టిగా నొక్కి బిగిస్తే దాని సన్నటి కొస చెడుతుంది.

రేసు వదిలినా దిగకపోతే చూడాల్సింది స్లైడు. అది గుండ్రటి ముక్క, ఒక వైపు అంచు కొద్దిగా కోసి ఉంటుంది. ఆ కోత ఏర్ ఫిల్టర్ వైపు ఉండాలి, పక్కనున్న గాడి లోపలి మేకు మీద కూర్చోవాలి. తిరగేసి పెడితే స్లైడు కిందిదాకా దిగదు, కిక్కు కొట్టగానే ఇంజన్ గోల పెడుతుంది. అప్పుడు కంగారుపడకుండా వెంటనే తాళం ఆపేయాలి.

టాపెట్ల దగ్గర జరిగే పొరపాటు ఇంకా లోతైనది, దాన్ని కార్బొరేటర్ తప్పుగా పొరబడటం మరీ ఎక్కువ. వాల్వుకూ రాకర్‌కూ మధ్య సందు మిల్లీమీటరులో పదో వంతు కూడా ఉండదు. మాగ్నెట్ మీద టీ గుర్తు ఎదురుగా వచ్చినప్పుడు ఫీలర్ గేజ్ పెట్టి సరిచేయాలి. కానీ ఫోర్ స్ట్రోక్ ఇంజన్‌లో ఆ గుర్తు ఒక ఆవృత్తానికి రెండుసార్లు వస్తుంది. ఒకసారి కంప్రెషన్ చివర, అప్పుడు రెండు వాల్వులూ మూసి ఉంటాయి. రెండోసారి పొగ బయటికి పోయే దశ చివర, అప్పుడు రెండూ కాస్త తెరుచుకునే ఉంటాయి. రెండో దశలో చూసేవాడికి సందే కనిపించదు, స్క్రూ వదులు చేస్తాడు, ఇంజన్ టకటకా కొట్టుకుంటుంది. చప్పుడు పోవాలని మళ్లీ బిగిస్తాడు. ఈసారి మరీ బిగుతవుతుంది. చల్లగా ఉన్నప్పుడు బండి చక్కగా స్టార్టవుతుంది, వేడెక్కాక వాల్వు కాడ సాగి పూర్తిగా మూసుకోదు, కంప్రెషన్ కారిపోతుంది, బండి ఆగిపోతుంది. చల్లారాక మళ్లీ నడుస్తుంది. ఈ తీరు కనిపిస్తే కార్బొరేటర్‌ను వదిలేసి టాపెట్లనే చూడాలి. అలాగే చాలాకాలం నడిపితే ఎగ్జాస్ట్ వాల్వు కాలిపోతుంది.

అశోక్ చౌక్ లాంటి చోట మరొక కారణం పొంచి ఉంటుంది. కార్ఖానాల నుంచి వచ్చే నూలు నూగు గాలిలో తేలుతూ ఏర్ ఫిల్టర్‌ను నెమ్మదిగా మూసేస్తుంది. గాలి తగ్గి మిశ్రమం చిక్కబడుతుంది. బండి పొగ కక్కుతోందని ఎవరో ఎప్పుడో స్క్రూ తిప్పి పెట్రోలు తగ్గించి ఉంటారు. రెండు తప్పులూ ఒకదాన్నొకటి సరిపెట్టుకుని బండి నెలల తరబడి నడిచి ఉంటుంది. ఇంట్లో సర్వీసు రోజున కొత్త ఫిల్టర్ పడుతుంది, గాలి పూర్తిగా వస్తుంది, పెట్రోలు మాత్రం పాత తగ్గింపులోనే ఉంటుంది. బండి మిస్సింగ్ మొదలుపెడుతుంది. ఇక్కడ సర్వీసు చేసిన చేతిది తప్పే లేదు, దాగి ఉన్న పాత తప్పును అది బయటికి తెచ్చింది. స్క్రూను కంపెనీ చెప్పిన చుట్లకు తెస్తే సరిపోతుంది. నూనె తడి ఉన్న కాగితపు ఫిల్టర్‌ను మాత్రం పెట్రోలుతో కడగకూడదు, గాలితో ఊదకూడదు, మార్చాలి. స్పాంజి ఫిల్టర్‌ను కడిగి, ఆరబెట్టి, నూనె పట్టించి వాడుకోవచ్చు.

తూకాన్ని తారుమారు చేస్తున్న మరో మార్పు పెట్రోలులోనే వచ్చింది. 2023 ఫిబ్రవరి నుంచి దేశంలో ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు బంకుల్లోకి రావడం మొదలైంది. షోలాపూర్ చెరుకు జిల్లా, ఆ ఇథనాల్ వచ్చే మూలాల్లో చెరుకు ఒకటి. ఇథనాల్ తనలోనే కొంత ఆక్సిజన్ తెస్తుంది కాబట్టి ఈ మిశ్రమానికి 14.7 కాక సుమారు 13.5 పాళ్ల గాలి చాలు. పాత కార్బొరేటర్‌కు ఆ సంగతి తెలియదు. అవే జెట్‌ల గుండా అంతే ఇంధనం పంపుతుంది, ఇంజన్‌కు అది పలచనవుతుంది. మొదటే బొటాబొటీగా ఉన్న బండి చల్లటి పొద్దుటిపూట మరికాస్త మొరాయిస్తుంది. పాత రబ్బరు ముక్కలు ఇథనాల్‌కు ఉబ్బుతాయి కూడా. సర్వీసులో తీసిన ఫ్లోట్ చాంబర్ రింగు మళ్లీ గాడిలో పట్టకపోవడానికి అదొక కారణం.

కొత్త బళ్లకు ఈ బాధలు చాలావరకు లేవు. 2020 ఏప్రిల్ 1న బీఎస్ 6 నిబంధనలు అమల్లోకి వచ్చాక పెట్రోలు ద్విచక్ర వాహనాలు దాదాపు అన్నీ ఫ్యూయల్ ఇంజెక్షన్‌కు మారాయి. పొగలో మిగిలిన ఆక్సిజన్‌ను ఒక సెన్సర్ చూస్తుంది, ఇంజన్ వేడిని మరొకటి చూస్తుంది, చిన్న కంప్యూటర్ లెక్క కట్టి ఇంజెక్టర్‌ను తెరుస్తుంది. ఇథనాల్ పెరిగినా ఫిల్టర్ కొంత మూసుకున్నా తనంతట తానే కొంతవరకు సరిదిద్దుకుంటుంది. వీటికి ఇంటి సర్వీసు తర్వాత జబ్బు చేస్తే ముందు చూడాల్సింది వదులైన కప్లర్లు, బ్యాటరీ తీగలు, మీటరు మీద వెలిగే పసుపు దీపం. అయినా 2020కి ముందు అమ్మిన బళ్లు ఇంకా రోడ్ల మీద ఎన్నో ఉన్నాయి. వాటి జెట్‌లు, రింగులు, ఫ్లోట్ సూదులు విడిగా దొరికినంతకాలం ఏ కార్బొరేటర్‌నూ పారేయనక్కర్లేదు.

పెళ్లిళ్లకో దసరాకో కుటుంబమంతా సిరిసిల్ల వైపో కరీంనగర్ వైపో వెళ్లి కొన్ని వారాలకు తిరిగివస్తే, మూలన ఉన్న బండిలో ఫ్లోట్ చాంబర్ పెట్రోలు ఆవిరై జిగురు మిగులుతుంది. ముందుగా పట్టేది స్లో జెట్‌కే. ఊరెళ్లే ముందు పెట్రోలు కాక్ కట్టేసి, ఇంజన్ దానంతటదే ఆగేదాకా నడిపి, చాంబర్ అడుగున ఉన్న డ్రెయిన్ స్క్రూ వదులు చేసి మిగిలిన ఇంధనాన్ని గాజు సీసాలోకి దింపాలి. తిరిగొచ్చాక కాక్ తెరిచి మరికొంచెం అదే సీసాలోకి పట్టి, ఇంటికి దూరంగా, నిప్పు లేని చోట కాసేపు కదపకుండా ఉంచి చూడాలి. అడుగున వేరే పొర కనిపిస్తే నీరు ఇథనాల్‌ను లాక్కుని విడిపోయిందన్నమాట. అప్పుడు కార్బొరేటర్ జోలికి పోకుండా ముందు ట్యాంకు ఖాళీ చేసి కడగాలి.